ఉచితంగా వస్తోందని ఆ మట్టి తోలించుకోకండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీరు గుంటూరులో ఉద్యోగం చేసుకుంటున్నారు. నాగాయలంక వైపు మీ నాన్నగారి నాలుగెకరాల పక్కనే గ్యాస్ కోసం రిగ్ వేశారు. రిగ్ వెనకాల నల్లపట్టా పరిచిన పెద్ద గుంత ఒకటి ఉంది, అందులో బూడిదరంగు బురద పోస్తున్నారు. ట్రాక్టర్ల కాంట్రాక్టర్ ఒకాయన వచ్చి "మీ పల్లపు చెక్క మెరక చేసిపెడతాం, రూపాయి అక్కర్లేదు" అంటున్నాడు. నాన్నగారికి ఆశగా ఉంది, మీకు టెన్షన్‌గా ఉంది. ఆ బురద విషమా, మన బోరులోకి దిగుతుందా, రిగ్ వెళ్ళిపోయాక ఎవర్ని పట్టుకోవాలి అని అడిగారు.

ఇరవై ఏడేళ్ళు రిగ్గుల మీద మడ్ ఇంజనీరుగా చేసి, ఇప్పుడు విజయవాడ సత్యనారాయణపురంలో ఇంటిపట్టున ఉంటున్నాను. మీరు చూస్తున్న బురద లాంటిది కలపడమే నా ఉద్యోగం. అందుకని మెరక సంగతి ముందే చెప్పేస్తాను: వద్దనండి. మీరు నూనె గురించీ, కెమికల్స్ గురించీ భయపడుతున్నారు. నేను భయపడేది ఉప్పు గురించి.

అదెలాగో తెలియాలంటే ఆ బురదలో ఏముంటుందో చూడాలి. బావి తవ్వేటప్పుడు పైపు లోపలినుంచి ఒక చిక్కటి ద్రవాన్ని కిందికి పంపుతారు. దాన్నే మడ్ అంటాం. అది బిట్ (పైపు కొసన రాయిని తొలిచే పనిముట్టు) దగ్గర బయటపడి, పైపుకీ బావి గోడకీ మధ్య ఉన్న సందులోంచి మళ్ళీ పైకొస్తుంది. వస్తూ రాతిముక్కల్ని మోసుకొస్తుంది, బిట్‌ని చల్లబరుస్తుంది. అన్నిటికీ మించి, తన బరువుతో కింద ఉన్న గ్యాస్‌ని అదిమి పెడుతుంది. గ్యాస్ అదుపు తప్పితే ఏమవుతుందో కోనసీమ వాళ్ళకి చెప్పక్కర్లేదు. 1995 జనవరి 8న పాశర్లపూడిలో లేచిన మంట ఆరడానికి 65 రోజులు పట్టింది.

ఆ బరువు కోసం కలిపే పొడి బెరైటీస్. మన ఓబులవారిపల్లె మండలం మంగంపేట గనుల్లో దొరికేదే, ప్రపంచంలో ఎన్నో రిగ్గులకి అక్కడినుంచే వెళ్తుంది. నీటికంటే నాలుగు రెట్లకి పైగా బరువు. గుంతలో బూడిదరంగుకి చాలావరకు అదీ, కింది పొరల రాయీ కారణం. చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది గానీ బెరైటీస్ నీళ్ళలో కరగదు. కడుపు ఎక్స్‌రేకి ముందు ఆస్పత్రిలో తాగించే తెల్లటి ద్రవంలో ఉండేదీ ఆ బేరియం సల్ఫేటే. నాసిరకం ఖనిజంలో పాదరసం, కాడ్మియం ఉండొచ్చు కాబట్టి వాటికి పరిమితి పెట్టారు: కిలోకి పాదరసం 1 మిల్లీగ్రాము, కాడ్మియం 3 మిల్లీగ్రాములు దాటకూడదు. సరుకుతోపాటు వచ్చే ల్యాబ్ రిపోర్టులో ఇవి ఉంటాయి. మడ్ చిక్కదనానికి కలిపే బెంటొనైట్ కూడా ఒక రకం బంకమట్టే.

ఇక అసలు సంగతి. నల్లరేగడిలో వానపడితే ఎలా ఉబ్బుతుందో మీకు తెలుసు. భూమికింద షేల్ (బంకమట్టి గట్టిపడి రాయైనది) పొరలూ కొన్ని అంతే. మామూలు నీళ్ళతో చేసిన మడ్ తగిలితే ఉబ్బి, విరిగి, బావి గోడ కూలి పైపు ఇరుక్కుంటుంది. అలా ఉబ్బకుండా మడ్‌లో పొటాషియం క్లోరైడ్ కలుపుతాం. మీరు ఎరువుల కొట్లో ఎర్రగా చూసే మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ కూడా అదే, కాకపోతే రిగ్ మీదికి వచ్చేది తెల్లగా ఉంటుంది. ఎకరానికి కిలోల లెక్కన చల్లితే అది ఎరువు. మేం మాత్రం నూటికి ఐదు వంతులు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ కలుపుతాం. ఐదు శాతం అంటే లీటరుకి 50 గ్రాములు, అందులో క్లోరైడ్ సుమారు 24,000 మిల్లీగ్రాములు. సముద్రపు నీళ్ళలో ఉండేది 19,000 దగ్గర. అంటే క్లోరైడ్ లెక్కన ఆ మడ్ మీ హంసలదీవి సముద్రం కంటే ఉప్పన. డ్రిల్లింగ్ నీళ్ళని శుద్ధి చేసి నేలమీదికి వదలాలంటే క్లోరైడ్ లీటరుకి 600 మిల్లీగ్రాములు దాటకూడదని నిబంధన. ఈ రెండు అంకెల మధ్య ఉన్న దూరమే మీ నాన్నగారి చేనుకి ప్రమాదం.

మడ్ పైకొచ్చాక ముందుగా పడేది షేల్ షేకర్ మీద. ఊగే జల్లెడ అనుకోండి. మడ్ కిందికి జారిపోతుంది, రాతిముక్కలు జల్లెడ అంచునుంచి కిందపడతాయి. వీటినే కటింగ్స్ అంటారు. పడేటప్పుడు ఉప్మాకి వేసిన రవ్వలా ముద్దగా ఉంటాయి, ఒక్కోసారి పకోడీ ముక్కలంత ఉంటాయి. చేతిలోకి తీసుకుని నలిపితే లోపల గట్టి రాయి తగులుతుంది, పైన జారుడుగా ఒక పూత ఉంటుంది. ఆ పూతే మడ్, ఆ పూతలోనే ఉప్పు. షేకర్ దాటిన సన్న ఇసుకని డీశాండర్, ఇంకా సన్నదాన్ని డీసిల్టర్, మరీ మెత్తటిదాన్ని సెంట్రిఫ్యూజ్ తీసేస్తాయి. ఇవన్నీ సరిగ్గా నడిస్తే మడ్ మళ్ళీ మళ్ళీ పనికొస్తుంది, గుంతలోకి పోయేది తగ్గుతుంది. జల్లెడ చిరిగినా మార్చకుండా నడిపేస్తే మడ్ పాడవుతుంది. దాన్ని పలచన చేయడానికి ఇంకా నీళ్ళు, ఇంకా కెమికల్స్ పోయాలి, మిగిలింది గుంతలోకి వదలాలి. నన్నడిగితే, రిగ్ మీద వ్యర్థాల నిర్వహణ ఎంత బాగుందో తెలుసుకోవడానికి గుంత దగ్గరికి వెళ్ళక్కర్లేదు. షేకర్ జల్లెడ ఎన్నాళ్ళకి మారుస్తున్నారో చూస్తే చాలు.

ఎంత వస్తుందో కూడా లెక్కేసుకోండి. ఒక మూడు వేల మీటర్ల బావిని తీసుకుందాం. పై 600 మీటర్లు 17½ అంగుళాల వెడల్పు, తర్వాత 1,400 మీటర్లు 12¼ అంగుళాలు, చివరి వెయ్యి మీటర్లు 8½ అంగుళాలు అనుకుంటే రాయి మాత్రమే సుమారు 236 ఘనపు మీటర్లు. పగిలిన రాయి గుల్లవుతుంది, మడ్ అంటుకుంటుంది, గోడలు కొంత కూలతాయి. ఒకటిన్నర రెట్లు వేసుకుంటే 350 దాటుతుంది. ట్రాక్టర్ ట్రక్కుకి మూడు ఘనపు మీటర్లు లెక్కేసినా నూట ఇరవై ట్రక్కులు. కాంట్రాక్టర్ ఉదారంగా ఎందుకున్నాడో ఇప్పుడు అర్థమై ఉంటుంది. దాన్ని దూరంగా తీసుకెళ్ళి పద్ధతి ప్రకారం పారేయాలంటే డీజిల్ ఖర్చు ఆయనది. పక్కచేలో పోస్తే పని అయిపోయింది, పైగా మీకు మేలు చేసినట్టు కూడా.

ఉప్పు గురించి ఇంత నొక్కి చెప్పడానికి వెనకాల నా పాపం ఒకటి ఉంది. చాలా ఏళ్ళ కిందట డెల్టాలోనే ఒక బావి మీద ఉన్నాను. కంపెనీ పేరు అనవసరం. నవంబరు నెల. బావిలో ఒక భాగం తవ్వడం అయిపోయి మడ్ మార్చాల్సి వచ్చింది, ట్యాంకులు ఖాళీ చేయాలి. గుంత అప్పటికే నిండుగా ఉంది, అంచుకీ బురదకీ మధ్య జానెడు ఖాళీ కూడా లేదు. టాంకర్ పొద్దున వస్తుందన్నారు, రిగ్ ఆగితే గంటకి ఇంత అని లెక్క. రాత్రి పదిన్నరకి నేనే వాల్వు తిప్పమన్నాను. తెల్లవారుజామున వాయుగుండం వాన. గుంత పొర్లి పక్క బోదెలోకి దిగింది. మూడోరోజు ఆ రైతు బోదె నీళ్ళు సీసాలో పట్టుకొచ్చి నా ముందు పెట్టాడు. తిట్టలేదు. "సార్, ఇందులో ఏముందో మీకే తెలియాలి" అన్నాడు.

మా దగ్గర క్లోరైడ్ చూడ్డానికి రోజూ చేసే పరీక్ష ఉంటుంది. తెల్ల గిన్నెలో నీళ్ళు పోసి పొటాషియం క్రోమేట్ నాలుగు చుక్కలు వేస్తే పసుపు రంగు వస్తుంది. అందులో సిల్వర్ నైట్రేట్ కొద్దికొద్దిగా వేస్తూ కలుపుతుంటే, క్లోరైడ్ అంతా అయిపోగానే రంగు ఇటికరంగులోకి తిరుగుతుంది. మంచి కాలవ నీళ్ళకి నాలుగైదు చుక్కలకే తిరిగేది. ఆ రోజు సిరంజి ఖాళీ అయింది, మళ్ళీ నింపాను, ఇంకా పసుపే. ఆ రైతు గిన్నెవైపు చూడలేదు, నా మొహంవైపే చూస్తున్నాడు. అప్పుడు వరి పొట్టదశలో ఉంది. పది రోజుల్లో ఆకుల కొసలు మాడాయి, కంకి వచ్చింది గానీ సగం తాలు. కంపెనీ ఆ ఒక్క పంటకి నష్టం కట్టింది. మరుసటి ఏడు కూడా ఆ మడిలో నారు సరిగా నిలవలేదు. దానికి ఎవరూ కట్టలేదు.

నూనె పడినా చేను పాడవుతుంది, కాదనను. కానీ నూనెని తినే సూక్ష్మజీవులున్నాయి. టెరి అనే పరిశోధన సంస్థ ఆయిల్‌జాపర్ పేరుతో అలాంటి బ్యాక్టీరియా మిశ్రమాన్ని తయారుచేసింది, మన దేశంలో చమురు బురదని శుభ్రం చేయడానికి వాడుతున్నారు. గాలి, తేమ, దున్నకం ఉంటే నెలల్లో తగ్గుతుంది. ఉప్పుని తినేది ఏదీ లేదు. మంచినీళ్ళు పెట్టి కిందికి కడిగేయాలి, ఆ కడిగిన నీళ్ళు పోవడానికి మురుగు దారి ఉండాలి. మీది దివిసీమ. కాలవ చివరి భూములు, సార్వాకే నీళ్ళు అంతంతమాత్రం, మురుగు కాలవల్లోకి సముద్రపు పోటు ఎక్కుతుంది. కడగడానికి నీళ్ళేవి, పోవడానికి దారేది? నేల సారపు ఈసీ (ఉప్పదనాన్ని చూపే విద్యుత్ వాహకత అంకె) 3 దాటినప్పటినుంచే వరి దిగుబడి తగ్గడం మొదలవుతుంది, 4 దాటితే శాస్త్రజ్ఞులు దాన్ని చౌడు నేల కిందే లెక్కేస్తారు. ఇప్పటికే అంచున ఉన్న చేనులో 120 ట్రక్కులు తోలించుకుంటారా?

నిబంధనల మాటకొస్తే, కేంద్ర పర్యావరణ శాఖ 2005 ఆగస్టు 30న ఇచ్చిన నోటిఫికేషనే ఇప్పటికీ దీనికి ఆధారం. నేలమీది బావుల్లో మామూలుగా నీటి ఆధారిత మడ్ మాత్రమే వాడాలి. డీజిల్ మడ్ నిషేధం. బావిలో ఇబ్బంది వచ్చి నూనె మడ్ తప్పనిసరి అయితే ఆరోమాటిక్స్ (నూనెలో విషం ఎక్కువున్న భాగం) ఒక శాతం లోపున్న నూనెతో, కాలుష్య నియంత్రణ మండలికి, అంటే బోర్డుకి, చెప్పి వాడాలి. కటింగ్స్‌ని బాగా కడగాలి. నీళ్ళు దిగని పట్టా వేసి, ఊటనీరు పోగయ్యే ఏర్పాటున్న గుంతలో వేయాలి. నూనె మడ్ నుంచి వచ్చిన కటింగ్స్ అయితే, కడిగాక కిలోకి 10 గ్రాముల లోపు నూనె ఉంటేనే గుంతలోకి పోవాలి. గుంత నిండాక పైన కూడా పట్టా కప్పి, దాని మీద ఆ ఊరి మట్టే మందంగా, నీళ్ళు నిలవకుండా వాలుగా పరచాలి. పని ముగిశాక స్థలాన్ని మునుపటిలా చేసి, ఆ సంగతి బోర్డుకి తెలపాలి. రైతు పొలంలో మెరక చేయమని ఇందులో ఎక్కడా లేదు.

2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల్లో ఒక మెలిక ఉంది, తెలుసుకోండి. నూనె మడ్ కటింగ్స్, నూనె ఉన్న మడ్, నూనె బురద ఆ జాబితాలో ఉన్నాయి. వాటిని 90 రోజులకి మించి నిల్వ ఉంచకూడదు, ఫారం 10 మ్యానిఫెస్ట్ (వ్యర్థం ఎక్కడినుంచి ఎక్కడికి వెళ్తోందో చెప్పే రవాణా పత్రం) లేకుండా లారీ కదలకూడదు, విశాఖ దగ్గర పరవాడలో ఉన్నలాంటి అధీకృత కేంద్రానికో, అనుమతి ఉన్న సిమెంట్ బట్టీకో వెళ్ళాలి. నీటి ఆధారిత మడ్ కటింగ్స్‌ని మాత్రం ఆ జాబితానుంచి మినహాయించారు. కాంట్రాక్టర్ "ఇది హజార్డస్ కాదు సార్" అని కాగితం చూపిస్తే అబద్ధం ఆడుతున్నట్టు కాదు. జాబితాలో లేదన్నది నిజమే, అది మీ వరికి మంచిదన్న మాట మాత్రం ఆ కాగితంలో ఉండదు. ఇంకో సర్టిఫికెట్ కూడా చూపిస్తారు: మడ్‌లో వాడే కెమికల్స్‌కి 96 గంటల విషపరీక్షలో 30,000 పైన వచ్చిందని, అంటే పరీక్షజీవుల్లో సగం చావాలంటే లీటరుకి 30,000 మిల్లీగ్రాములకి పైగా కావాలని. ఆ పరీక్ష చేసేది మైసిడ్ అనే చిన్న రొయ్యలాంటి సముద్రజీవి మీద. ఉప్పునీళ్ళలో బతికేదాని మీద నెగ్గిన సర్టిఫికెట్ వరిమడికి చెల్లదు.

మీరే చేసుకోగలిగిన పరీక్ష ఒకటుంది. ఆర్వో వాటర్ ప్లాంటు వాళ్ళు జేబులో పెట్టుకునే టీడీఎస్ మీటర్ ఒకటి కొనండి, వందల్లోనే వస్తుంది. ఆరిన కటింగ్స్ ఒక గ్లాసు, ఆర్వో నీళ్ళు ఐదు గ్లాసులు ఖాళీ సీసాలో పోసి బాగా గిలకొట్టండి. రాత్రంతా కదపకుండా వదిలి పొద్దున పైన తేరిన నీళ్ళలో మీటర్ పెట్టండి. అదే కొలతతో మీ చేలో మట్టిని ఇంకో సీసాలో చేయండి. రెండు అంకెలూ పక్కపక్కన రాసుకుంటే సగం ప్రశ్నలు తీరిపోతాయి. సీసాలో నీళ్ళమీద రంగురంగుల తెట్టు తేలినా, డీజిల్ వాసన వచ్చినా అది వేరే కథ. అప్పుడు ఫోటో తీసి బోర్డుకి రాయడమే. ఇది ల్యాబ్ పరీక్షకి సమానం కాదు. గట్టిగా కావాలంటే గుంటూరు లాం ఫారం (వ్యవసాయ పరిశోధన కేంద్రం) మీకు దగ్గరే, బాపట్లలో చౌడు నేలల మీద, ఉప్పునీటి మీద పనిచేసే పరిశోధన కేంద్రం కూడా ఉంది. మట్టి, బోరు నీళ్ళు రెండూ పరీక్ష చేయించి తేదీతో రిపోర్టు దగ్గర పెట్టుకోండి. నిజానికి రిగ్ రాకముందే చేయించాల్సింది. ఇప్పుడు కనీసం రిగ్‌కి దూరంగా ఉన్న చేలో మట్టి కూడా పోలికకి తీయించండి. ముందు ఎలా ఉండేదో కాగితం మీద లేకపోతే, తర్వాత "మీ నేల మొదట్నుంచీ చౌడే" అనేస్తారు. దివిసీమలో ఆ మాట ఎవరైనా నమ్ముతారు కూడా.

బోరులోకి దిగుతుందా అన్నారు. పట్టా బాగుంటే దిగదు. మీ వైపు కొన్ని అడుగుల్లోనే నీళ్ళు పడతాయి, అక్కడ గుంత లోతుగా తవ్వితే కిందినుంచి ఊట తన్ని పట్టా బుడగలా పైకి లేస్తుంది, అతుకులు ఊడతాయి. చేపల చెరువులా గట్లు కట్టి నేలకి పైన ఉంచడమే మేలు. చూడాల్సింది అతుకులు వేడితో అంటించారా లేక ఒకదానిమీద ఒకటి పరిచి వదిలేశారా, పంపు గొట్టం లాగేచోట చిరిగిందా, గేదెలు దిగకుండా కంచె ఉందా. అన్నిటికంటే గట్టు అంచుకీ బురదకీ మధ్య ఖాళీ. నేను జానెడు దగ్గర దెబ్బతిన్నాను. అక్టోబరు, నవంబరు వాయుగుండాలకి రెండు మూడడుగులైనా లేకపోతే నిద్రపట్టకూడదు. 77 ఉప్పెన చూసిన ఊళ్ళకి నేను చెప్పేదేముంది.

కాగితాల పని. 2020 జనవరి సవరణ తర్వాత అన్వేషణ బావులకి ప్రజాభిప్రాయ సేకరణ లేదు, అందుకే మీ ఊళ్ళో మీటింగేమీ జరగలేదు. అయినా కాలుష్య నియంత్రణ మండలి కన్సెంట్ (అనుమతి పత్రం) తప్పదు, గుంత ఎక్కడ, వ్యర్థం ఎక్కడికి అన్నది అందులో రాసి ఉంటుంది. మండలి ప్రధాన కార్యాలయం విజయవాడలోనే ఉంది. సర్వే నంబరు వేసి సమాచార హక్కు కింద కన్సెంట్ కాపీ, గుంత డిజైన్, స్థలం పునరుద్ధరణ రిపోర్టు అడగండి. రిగ్ మీద అయితే మడ్ ఇంజనీరుని అడగండి, కాంట్రాక్టర్‌ని కాదు. ప్రతిరోజూ ఆయన రాసే మడ్ రిపోర్టులో క్లోరైడ్ అంకె ఉంటుంది. చెప్పడానికి మొహమాటపడొచ్చు. టీ తాగుతూ అడిగితే మాలో చాలామంది చెప్పేస్తారు.

ఒక్కటి మాత్రం నాన్నగారితో కూర్చుని మాట్లాడండి. గుంతని అక్కడే కప్పేస్తే దాని కొలతలు, సరిహద్దు, సర్వే నంబరుతో నక్షా రాయించుకోవాలి. పక్క రైతుది అయినా సరే. పదేళ్ళ తర్వాత అక్కడ రొయ్యల చెరువు తవ్వుతారు, మీ వైపు ఎటూ అదే జరుగుతోంది కదా. ప్రొక్లెయిన్ బకెట్ మొదటి గంటలోనే ఆ పట్టాని చీల్చేస్తుంది. కింద ఏముందో అప్పటికి ఎవరికీ గుర్తుండదు. మీ భూమి కౌలుకి ఇచ్చే మాటైతే, వ్యర్థం మొత్తం బయటికి తరలించాలని ఒప్పందంలోనే రాయించండి.

కాంట్రాక్టర్‌కి ఇవాళే ఫోన్ చేసి వద్దని చెప్పించండి, నాన్నగారు మొహమాటపడితే మీరే చెప్పండి. సీసాల పరీక్ష చేశాక రెండు అంకెలూ, ఏ మడ్ వాడుతున్నారన్నదీ రాయండి, చూసి చెప్తాను.